సర్ జోసెఫ్ భోర్ గారి జీవిత చరిత్రము

మన భావనపాడునకును సర్ జోసెఫ్ విలియమ్ భోర్ గారికిని నేరుగా సంబంధ మేమియు లేదు. ఆయన మహారాష్ట్ర దేశమున జన్మించి, ఢిల్లీ సిమ్లాలయందు ఉన్నతోద్యోగములు నిర్వహించినవారు. మనది బంగాళాఖాతపు టొడ్డున వలలు లాగి బ్రదుకు పల్లె. అయినను మన బాలబాలికలలో ఎవరికైన పసితనమున టీకాలు వేయబడి యున్నయెడల, ఎవరి తల్లియైన కాన్పునకు ముందు ఆరోగ్య ఉపకేంద్రమునకు బోయి పరీక్ష చేయించుకొని యున్నయెడల, ఎవరి యింట జ్వరము వచ్చినప్పుడైన రుసుము లేకుండ మాత్రలు లభించి యున్నయెడల, ఆ యేర్పాటునకు పునాదిరాయి వేసినవారిలో ఈయన ముఖ్యులని యెరుంగవలసి యున్నది. ఆయన వైద్యుడు కాడు. ఒక్క రోగికైనను మందు కలిపి యిచ్చినవాడు కాడు. అట్టివాని చరిత్రమును వైద్యమునకు సంబంధించినదిగా వ్రాయుటకు గల హేతువు ముందు తెలియగలదు.

భోర్ గారు 1878 వ సంవత్సరము ఏప్రిలు 6 వ తేదీన నాసికలో జన్మించిరి. వారిది క్రైస్తవ కుటుంబము. పూనా నగరమందలి బిషప్స్ హైస్కూలునందును, దక్కను కళాశాలయందును విద్య నభ్యసించి, పిదప లండను నగరపు యూనివర్సిటీ కళాశాలలో చదివి, 1902 లో ఇండియన్ సివిల్ సర్వీసున బ్రవేశించిరి. ఆ కాలమున ఆ పరీక్ష లండనులోనే జరుగుచుండెను. ఓడ యెక్కి సీమకు బోవుటకు స్తోమతు గలవారికే యది సాధ్యమగుటచే ఆ సర్వీసునందు భారతీయులు మిక్కిలి యరుదుగ నుండిరి. వారికి చెన్నరాజధానిలో ఉద్యోగ మిచ్చిరి. అప్పటికి మన టెక్కలి ప్రాంతము గంజాము జిల్లాలోనిది, గంజాము చెన్నరాజధానిలోనిది. 1936 లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు గదా మన భాగము విశాఖపట్టణము జిల్లాలో గలిసినది! కావున యువకుడగు భోర్ గారు కొలువు చేసిన ప్రభుత్వమే మన ముత్తాతలు శిస్తులు చెల్లించిన ప్రభుత్వము.

1914 మొదలు 1919 వరకు వారు కొచ్చి సంస్థానమునకు దివానుగా నుండిరి. చిన్న రాజ్యమే యైనను, దివానుపదవి చిన్నది కాదు. పాఠశాలలు, రోడ్లు, పన్నులు, ఆసుపత్రులు, చెరసాలలు, అన్నియు నొక్కని బల్లమీదికే వచ్చి చేరును. ఆ కాలముననే, 1918 లో, ఇన్ఫ్లుయెంజా యను విషజ్వరము ప్రపంచమంతయు వ్యాపించి, మన దేశమున కోటికి మించిన ప్రాణములను గొనిపోయెను. రాజ్యమంతటి భారము మోయుచున్న వానికి, ఊరూర శవములు లేచుచుండగా పంపుటకు వైద్యులు లేని దుస్థితి యెట్టిదో తెలియక పోదని మేము తలచుచున్నాము.

తరువాతి పదునైదేండ్ల యుద్యోగములను మేము త్వరగా దాటెదము. లండనులో భారతదేశపు హైకమిషనరు స్థానమున కొంతకాల మాపద్ధర్మముగ బనిచేసిరి. ఢిల్లీలో విద్య, ఆరోగ్యము, భూములు అను మూడింటికిని గలిపి యుండిన శాఖకు కార్యదర్శిగా నుండిరి. 1930 లో రాజప్రతినిధి కార్యాలోచన సభయందు సభ్యులై, మొదట పరిశ్రమలు కార్మికుల శాఖను, 1932 మొదలు 1935 వరకు వాణిజ్యము రైల్వేల శాఖను నడపిరి. సర్ బిరుదమును 1930 లోనే లభించెను. అప్పటికే మన నౌపడ మీదుగా చెన్నపట్టణము కలకత్తా రైలుదారి యుండెను. నౌపడనుండి పర్లాకిమిడికి చిన్న రైలు 1900 లోనే నడచుచుండెను. ఉప్పు బస్తాలు ఆ దారిని దేశమంతటికి బోవుచుండెను గాని, ఆ దారినే ఒక డాక్టరు గాని, శిక్షణ పొందిన దాది గాని మన పల్లెలకు వచ్చి నిలుచుట మాత్రము లేకుండెను.

ఇంక 1943 వ సంవత్సరమునకు వత్తము. రెండవ ప్రపంచ యుద్ధము సాగుచున్నది. బంగాళమున ఘోరమైన కరవు సంభవించెను. ఆ కరవునను, దాని వెంట వచ్చిన చలిజ్వరము, కలరా, మశూచులనుబట్టియు సుమారు 30 లక్షలమంది నశించిరని పలువురు చరిత్రకారులు లెక్క గట్టిరి. ఇంగ్లండులో అంతకు ముందటి యేడే, 1942 డిసెంబరులో, సర్ విలియమ్ బెవరిడ్జి గారు పుట్టుక మొదలు మరణమువరకు ప్రజల బాగోగులు ప్రభుత్వమే చూడవలెనని ప్రసిద్ధమగు నివేదిక ప్రకటించి యుండిరి. యుద్ధము ముగిసిన పిదప భారతదేశ ప్రజల యారోగ్యమున కేమి చేయవలెనో విచారించుటకై ప్రభుత్వమువారు 1943 అక్టోబరులో ఒక సంఘమును నియమించి, దాని యధ్యక్షతను భోర్ గారి కొసంగిరి. వారి కప్పటికి 65 ఏండ్లు. పింఛను దీసికొని విశ్రాంతిగా గూర్చుండదగిన వయస్సది.

వైద్యుడు కానివానిని వైద్యసంఘమునకు పెద్దగా నుంచుట తప్పని కొంద రనవచ్చును. మా యభిప్రాయ మట్లు కాదు. వైద్యుడు తన యెదుటికి వచ్చిన రోగిని జూచును. రాలేని రోగిని లెక్కింపవలెనన్న, జిల్లాలు పాలించిన వాని కన్ను గావలెను. వైద్యులలో ఆరితేరినవారు సంఘమున నుండనే యుండిరి. కలకత్తా వాసి, పిమ్మట పశ్చిమ బంగాళమునకు ముఖ్యమంత్రి యైన డాక్టరు బిధాన్ చంద్ర రాయి గారొకరు. మన కర్నూలులో 1887 లో జన్మించి, చెన్నపట్టణ వైద్య కళాశాలకు మొదటి భారతీయ ప్రిన్సిపాలైన డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు గారొకరు. స్త్రీల ప్రసూతి వైద్యమున వారు ప్రసిద్ధులు. చైనాదేశమున వైద్య మిషనరీగా నుండిన కెనడా దేశస్థుని కుమారుడగు డాక్టరు జాన్ గ్రాంటు గారు మరియొకరు. ఆయన కలకత్తాలోని ప్రజారోగ్య విద్యాలయమున కధిపతి. కార్మికుల పక్షమున ఎన్. ఎం. జోషి గారుండిరి. వైద్యచరిత్రకారుడైన హెన్రీ సిగరిస్టు గారిని అమెరికానుండి 1944 లో రప్పించి యాలోచన యడిగిరి. ఇట్లు రెండేండ్లకు మించి పరిశ్రమించి, 1946 లో నాలుగు సంపుటముల నివేదికను వెలువరించిరి.

ఆ నివేదికయందలి మొదటి సంపుటము చదువుట హృదయము గలవారికి కష్టము. దానిలో అలంకారము లేదు. అంకెలు మాత్రమే యున్నవి. 1937 వ సంవత్సరపు లెక్కనుబట్టి బ్రిటిషిండియాలో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 162 మంది యేడాది నిండకమునుపే చనిపోవుచుండిరి. దేశమున గలుగు మరణములలో సుమారు సగము పదేండ్లలోపు పిల్లలవి. పుట్టిన బిడ్డ సగటున 27 ఏండ్లు బ్రతుకునని యెంచదగి యుండెను. ప్రతి వేయి ప్రసవములకు 20 మంది తల్లులు, అనగా ఏటేట సుమారు 2 లక్షలమంది స్త్రీలు, కాన్పు కారణమున మరణించుచుండిరి. చలిజ్వరము ఏటేట 10 కోట్లమందిని తక్కువగాకుండ బాధించుచుండెను. క్షయవ్యాధి గలవారు 25 లక్షలమంది యుండగా వారికై దేశమంతట నున్న పడకలు సుమారు 6,000.

ఇంక చికిత్స చేయువారి సంగతి. దేశమంతటను వైద్యులు సుమారు 47,500 మంది. అనగా 6,300 మంది జనమునకు ఒక్కరు. నర్సులు 7,000, 43,000 మందికి ఒక్కరు. శిక్షణ పొందిన మంత్రసానులు 5,000. 60,000 మందికి ఒక్కరు. మన బాలబాలికలు ఈ చివరి యంకెను బట్టి లెక్క చేసి చూడవచ్చును. వేయిమంది జనమునకు ఏట 35 కాన్పులని తక్కువగానే యెంచినను, 60,000 మందికి 2,100 కాన్పులగును. ఒక్క మంత్రసాని దినమునకు దాదాపు ఆరు కాన్పులు, సెలవు లేకుండ, ఏడాది పొడుగున, ఒక యూరినుండి మరియొక యూరికి నడచిపోయి చేయవలెను. అది కాని పని. ఇందును వైద్యులలో నెక్కువమంది పట్టణములందే యుండిరి. దేశ జనులలో నెక్కువమంది పల్లెలందుండిరి. కావున 6,300 మందికి ఒక్కరను లెక్క కాగితముమీదిదే గాని మనబోటి పల్లెలకు సంబంధించినది కాదు. పల్లెలలో కాన్పు చేయునది చదువు లేని మంత్రసానియే. బొడ్డు కోయుటకు కొడవలి. నొప్పులు ముదిరినచో దేవుని మీద భారము.

మన ప్రాంతమున నప్పుడు ప్రజలకు దిక్కెవరు? విశాఖపట్టణమున 1902 లో వైద్య పాఠశాలయు, 1923 లో వైద్య కళాశాలయు, ఆ యేడే కింగ్ జార్జి ఆసుపత్రియు వెలసినవి. సోంపేటలో కెనడియన్ బాప్టిస్టు మిషనువారి యాసుపత్రి యుండెను. గుంటూరిలో డాక్టరు అన్నా కుగ్లరమ్మ గారు 1898 లోనే స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరచియుండిరి. ఇవి గొప్ప కార్యములే. కాని పొయ్యి వెలిగిన యింటిలో వెచ్చదనముండుట వేరు, ఊరంతటికి కట్టెలు చాలునట్లు చేయుట వేరు. దానధర్మములవలనను, కొందరు పుణ్యాత్ములవలనను మాత్రమే యీ కొరత తీరదనియు, అది రాజ్యము తన బాధ్యతగా వహింపదగిన పని యనియు భోర్ గారి సంఘము నిర్ణయించెను.

వారి సంకల్పమునకు మూలమైన మాట యొకటి. డబ్బు చెల్లింపలేని కారణమున నే మనుష్యునికిని తగిన వైద్యము తప్పిపోరాదు. ఇప్పుడిది సామాన్యముగ దోచవచ్చును గాని, 1946 నాటికి బ్రిటనులో సహితము ఈ సూత్రము ఆచరణలోనికి రాలేదు. అచ్చటి జాతీయారోగ్య సేవ మొదలైనది 1948 జూలై 5 వ తేదీన. రెండవ సూత్రము, ఆరోగ్య సేవ ప్రజల యిండ్లకు వీలయినంత దగ్గరగా నుండవలెనని. మూడవది, రోగము వచ్చినపిదప మందిచ్చుటయు, రోగము రాకుండ కాపాడుటయు వేర్వేరు శాఖలుగ నుండక యొక్క చేతిలోనే యుండవలెనని.

ఈ సూత్రములకు రూప మిచ్చునదే ప్రాథమికారోగ్య కేంద్రము. మొదటి పదేండ్లలో ప్రతి 40,000 మంది జనమునకు నొక కేంద్రము. అందు ఇద్దరు వైద్యులు, ఒక నర్సు, ఇల్లిల్లు తిరుగు నలుగురు ప్రజారోగ్య నర్సులు, నలుగురు మంత్రసానులు, శిక్షణ పొందిన మరి నలుగురు దాయీలు, ఇద్దరు పారిశుద్ధ్యపు ఇనస్పెక్టర్లు, ఇద్దరు ఆరోగ్య సహాయకులు, ఒక మందుల యధికారి, ఇంక నౌకరులు. చదువరు లొక్కమారు ఈ పట్టికను మరల చూతురు గాక. వైద్యులిద్దరే, కాన్పులకును తల్లిబిడ్డలకును సంబంధించినవారు పండ్రెండుగురు. మరణముల లెక్క చదివిన చేయియే ఈ పట్టిక వ్రాసినదని తోచుచున్నది. ప్రతి గ్రామమున ఐదుగురు మొదలు ఏడుగురి వరకు ఊరివారే యొక యారోగ్య సంఘముగా నేర్పడవలెననియు జెప్పిరి. వైద్య విద్యార్థులు మూడు నెలలు వ్యాధినివారణ విద్యయందు శిక్షణ పొందవలెననిరి. ప్రభుత్వపు డాక్టరు జీతము తీసికొనుచు సొంత ప్రాక్టీసు చేయరాదనిరి. నలువది యేండ్లకు నెరవేరవలసిన పెద్ద పథకమున, 10,000 మొదలు 20,000 మందికి 75 పడకల యాసుపత్రియు, దానిపైని 650 పడకలదియు, జిల్లాలో 2,500 పడకలదియు నుండవలెనని నిర్దేశించిరి.

సంఘమువారందరు నేకాభిప్రాయులు కారు. ఆ కాలమున వైద్యులు రెండు తరగతులుగ నుండిరి: కళాశాలలో పట్టము పొందినవారు, వైద్య పాఠశాలలో తక్కువ కాలము చదివిన ఎల్.ఎం.పి.లు. ఉన్న 47,500 మందిలో దాదాపు 30,000 మంది యీ రెండవ తరగతివారే. ఇకమీద నొక్క తరగతి డాక్టరే యుండవలెనని, ఎల్.ఎం.పి. చదువు మానిపించవలెనని సంఘములో నెక్కువమంది నిర్ణయింపగా, కొందరు భిన్నాభిప్రాయము వ్రాసిరి. బీదవానికి తక్కువ చదువు డాక్టరు, ధనికునికి పెద్ద డాక్టరు అను భేదము పోవలెనన్న కోరిక ఉదాత్తమైనదే. కాని కొన్నేండ్లకు పట్టములు పొందినవారు పట్టణములు విడువకయు, పల్లెలకు బోవుచుండిన తరగతివారు లేకయు, పల్లెలు రెండింటికిని చెడినవని మేమనక తప్పదు. ఆయుర్వేదము యునానీ మొదలగు దేశీయ వైద్యముల విషయమున సంఘము తాను తీర్పు చెప్పక, రాష్ట్రముల యిష్టమునకు విడిచెను. పల్లెవాడు ముందుగ బోవునది నాటువైద్యుని యొద్దకే యని తెలిసియు ఆ సంగతిని దాటిపోవుట ఆ నివేదికలోని పెద్ద లోపమని మా తలంపు.

నివేదిక వెలువడిన మరుసటి యేడే దేశము స్వతంత్రమాయెను, విభజనయు జరిగెను. క్రొత్త ప్రభుత్వము పథకమును కొట్టివేయలేదు, యథాతథముగ నంగీకరింపనులేదు. 1952 లో సమాజాభివృద్ధి పథకముతో గూడ ప్రాథమికారోగ్య కేంద్రములు మొదలైనవి. పేరు భోర్ గారు పెట్టినదే. కొలత మాత్రము మారినది. 40,000 మందికి గాక, 60,000 మొదలు లక్ష వరకు జనముగల బ్లాకున కొకటి; ఇద్దరు వైద్యులకు మారుగా పలుచోట్ల నొక్కరు; కొన్నిచోట్ల నా యొక్క కుర్చీయు ఖాళీ. ఇంటికి నాలుగు స్తంభములు గీచి యియ్యగా రెంటితోనే కప్పు వేసినట్లాయెను. ఉన్నత వైద్య విద్యకై వారు కోరిన విద్యాలయము 1956 లో ఢిల్లీలో ఎయిమ్స్ అను పేర స్థాపింపబడెను. 1959 లో అదే లక్ష్మణస్వామి మొదలియారు గారి యధ్యక్షతన మరియొక సంఘము కూర్చుండి, 1962 నాటికి తమ నివేదికలో ఉన్న కేంద్రములు చాలినంత బలముగ లేవనియు, క్రొత్తవి తెరచుటకు ముందు వానిని బాగు చేయవలెననియు జెప్పవలసి వచ్చెను.

అయినను జరిగిన దానిని తక్కువగ జెప్పుట న్యాయము గాదు. మశూచి 1975 తో మన దేశము విడిచిపోయినది. 162 గా నుండిన శిశుమరణములు ఇప్పుడు వేయికి 30 లోపునకు దిగినవి. ఇరువదియేడేండ్ల సగటు ఆయుష్షు 70 దాపునకు వచ్చినది. 1980 పిదప మైదాన ప్రాంతమున 30,000 మందికి, కొండ ప్రాంతమున 20,000 మందికి నొక ప్రాథమికారోగ్య కేంద్రము, 5,000 మందికి నొక ఉపకేంద్రము ఉండవలెనని నియమ మేర్పడెను. 2005 లో జాతీయ గ్రామీణారోగ్య పథకము వచ్చి, ఊరికొక ఆశా కార్యకర్తను ఇచ్చినది. ఆ యేడే మన రాష్ట్రమున 108 బండియు, 2007 లో ఆరోగ్యశ్రీయు మొదలైనవి. ఆరోగ్యశ్రీవలన బీదవాని గుండెకు శస్త్రచికిత్స జరుగుట మేము సంతోషముతో జూచుచున్నాము. కాని అది పట్టణపు టాసుపత్రికి డబ్బు చెల్లించు మార్గము; భోర్ గారు కోరినది పల్లెకు మనుష్యులను పంపు మార్గము. ఈ రెండింటి భేదమును పెద్దతరగతుల విద్యార్థులు గమనింతురు గాక.

ఆ భేదము మన పొరుగుననే కానవచ్చుచున్నది. మనకు ఉత్తరమున నున్న ఉద్దానము, అనగా కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు కొబ్బరి జీడితోటల సీమ, ఎన్నో యేండ్లుగా మూత్రపిండముల వ్యాధికి గురియై యున్నది. తోటపని, పొలముపని చేయు మగవారు నడివయస్సుననే క్షీణించుచున్నారు. ఆ వ్యాధికి కారణ మిదియే యని శాస్త్రజ్ఞు లింకను నిశ్చయింపలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల యాసుపత్రియు, పరిశోధన కేంద్రమును, ఉద్దానమునకు శుద్ధజలము తెచ్చు పథకమును ప్రారంభమైనవి. డయాలిసిస్ యంత్రము పలాసలో నుండుట మేలే. విశాఖపట్టణమునకు వారమునకు రెండు మూడు మార్లు బోలేక ప్రాణములు విడిచినవారి కుటుంబములకు దాని విలువ తెలియును. అయితే రక్తము పరీక్షించి వ్యాధిని మొదటనే పట్టుకొనవలసినది యూరి యుపకేంద్రమున గదా. మన రాష్ట్ర ప్రభుత్వము 2023 లో ఫ్యామిలీ డాక్టరు పద్ధతిని ప్రారంభించుచు, ప్రాథమికారోగ్య కేంద్రమునకు ఇద్దరేసి వైద్యులను, అందొకరు వంతుచొప్పున పల్లెలకు బోవునట్లు ఏర్పరచెను. ఇద్దరు అను నా సంఖ్య 1946 నాటి పట్టికలోనిదే.

భోర్ గారు వీనిలో నెక్కువ భాగము చూడలేదు. పథకము సగమై మొదలగుట మాత్రము చూచిరి. 1960 ఆగస్టు 15 వ తేదీన, 82 వ యేట పరలోకగతులైరి. ఆ దినమునకు మన శ్రీకాకుళము జిల్లా యేర్పడి సరిగా పదేండ్లు.